బిలిటిల్, ఇన్సల్ట్, డిమీన్, డిస్పారేజ్: మనల్ని తక్కువ చేసి మాట్లాడితే ఇంగ్లీషులో ఏ మాట వాడాలి?

మూడు వారాలు కష్టపడి పూర్తిచేసిన పనిని మీటింగులో చూపిస్తుంటే మేనేజరు మధ్యలో ఆపి, "ఇదేం పెద్ద పని, ఫ్రెషర్‌కి ఇచ్చినా రెండు గంటల్లో చేసేస్తాడు" అన్నాడనుకోండి. ఆ రాత్రి హెచ్‌ఆర్‌కు మెయిల్ రాయడానికి కూర్చుంటే మనలో చాలామందికి ముందుగా తట్టే మాట ఇన్సల్ట్. "మై మేనేజర్ ఇన్సల్టెడ్ మీ" అని రాసేస్తాం. టీచరు పిల్లాడి బొమ్మ చూసి పెదవి విరిచినా ఇన్సల్టే, బంధువు మన ఉద్యోగాన్ని తేలిగ్గా తీసిపారేసినా ఇన్సల్టే, నలుగురిలో పరువు తీసినా ఇన్సల్టే.

తెలుగులో మనం ఇలా చేయం. చులకన చేశాడు, కించపరిచాడు, చిన్నచూపు చూశాడు, కొట్టిపారేశాడు, హేళన చేశాడు, పరువు తీశాడు అని ఒక్కో సందర్భానికి ఒక్కో మాట ఉంది. ఎక్కడ ఏది అనాలో ఆలోచించకుండానే నోటికి వస్తుంది. ఇంగ్లీషుకు వచ్చేసరికి అన్నింటినీ ఒకే మాటలో కుక్కేస్తున్నాం. దానివల్ల నష్టపోయేది మనమే. ఇన్సల్ట్ అనగానే హెచ్‌ఆర్ వాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఏమని తిట్టారు?" అని. ఆయన తిట్టలేదు కదా. అక్కడితో ఫిర్యాదు తేలిపోతుంది. జరిగింది నిజం, బాధ నిజం, రాసిన మాట మాత్రం సరిపోలేదు. ఆ మెయిల్లో ఉండాల్సిన మాట బిలిటిల్.

ముందుగా బిలిటిల్

ఈ మాట ఎవరి కలం నుంచి వచ్చిందో తెలుసు. అమెరికా నాయకుడు థామస్ జెఫర్సన్ 1780లలో వర్జీనియా రాష్ట్రం గురించి రాసిన పుస్తకంలో ఇది కనిపిస్తుంది. అమెరికా ఖండంలో తేమ, చలి ఎక్కువ కాబట్టి అక్కడి జంతువులు ఐరోపా జంతువుల కన్నా చిన్నవిగా ఉంటాయని బ్యుఫాన్ అనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త అప్పటికే రాసి ఉన్నాడు. జెఫర్సన్‌కు అది మింగుడు పడలేదు. రెండు ఖండాల జంతువుల బరువులు పక్కపక్కనే పట్టికలు వేసి మరీ జవాబిచ్చాడు. అట్లాంటిక్‌కు తమ వైపున ప్రకృతి తన సృష్టిని చిన్నది చేస్తుందన్న ఆ సిద్ధాంతం గురించి రాస్తూ బిలిటిల్ అన్న క్రియ వాడాడు. 1787లో పుస్తకం లండన్‌లో అచ్చయినప్పుడు అక్కడి పత్రిక ఒకటి ఇదేం మాట అని ఆయన్ను ఎద్దేవా చేసింది. ఆయన మాత్రం ఆ ఏడాదే న్యూహాంప్‌షైర్ నుంచి మూస్ అనే భారీ దుప్పి జాతి జంతువు చర్మాన్నీ ఎముకల్నీ పారిస్‌కు తెప్పించి, బ్యుఫాన్‌కు అందేలా చూశాడు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, మాట ఎలా వాడాలో ఇందులోనే ఉంది. జంతువు ఎంత ఉందో అంతే ఉంది. ఎదుటివాడు దాన్ని చిన్నది అంటున్నాడు. ఇప్పటి వాడుకలోనూ బిలిటిల్ అంటే అదే: ఉన్నదాన్ని ఉన్నంతగా ఒప్పుకోకుండా చిన్నది చేసి మాట్లాడటం. మన శ్రమ, చదువు, బాధ, విజయం, అభిప్రాయం, ఉద్యోగం, ఏదైనా కావచ్చు. దీనికి బూతు అక్కర్లేదు, కోపం అక్కర్లేదు, గొంతు పెంచాల్సిన పని కూడా లేదు. నవ్వుతూ, భుజం తడుతూ కూడా బిలిటిల్ చేయొచ్చు. తెలుగులో "చులకన చేయడం", "తక్కువ చేసి మాట్లాడటం" దీనికి బాగా దగ్గర.

"చిన్నబుచ్చడం" కూడా సరిపోతుందనిపిస్తుంది, ఎందుకంటే రెండింట్లోనూ చిన్న అన్న మాట ఉంది. కానీ చిన్నబుచ్చుకున్నాడు అంటే మొహం వాడిపోయింది, మనసు నొచ్చుకుంది అని. మన మాటలో అవతలి మనిషి మనసు ముందుకు వస్తుంది, బిలిటిల్‌లో అన్నవాడు చేసిన పని ముందుకు వస్తుంది. కాబట్టి "నేను చిన్నబుచ్చుకున్నాను" అనడానికి "ఐ బిలిటిల్డ్ మైసెల్ఫ్" అని రాయకండి. అది నన్ను నేనే తక్కువ చేసుకున్నాను అన్న అర్థానికి పోతుంది. "ఐ ఫెల్ట్ హర్ట్" అంటే చాలు.

వ్యాకరణం తేలికే. దీని వెనక వెంటనే కర్మ రావాలి, మధ్యలో ఆన్, టు లాంటివి రావు. "హి బిలిటిల్డ్ మై వర్క్" సరైనది. "హి బిలిటిల్డ్ ఆన్ మీ" తప్పు. మనిషిని కర్మగా పెట్టినా, పనిని కర్మగా పెట్టినా చెల్లుతుంది. నా సలహా మాత్రం పనిని పెట్టమనే. ఏది తక్కువయిందో స్పష్టంగా తెలుస్తుంది, వ్యక్తిగత గొడవలా అనిపించదు. పలికేటప్పుడు ఒత్తు రెండో అక్షరం మీద, లిట్ దగ్గర పడాలి. వ్యాఖ్యను వర్ణించాలంటే "బిలిట్లింగ్ కామెంట్" అనొచ్చు.

ఇది బాగా పనికొచ్చే ఇంకో చోటు ఉంది. ఎవరైనా కష్టం చెప్పుకుంటున్నప్పుడు మనం వేరే కోణం చెప్పాల్సి వస్తే, ముందుగా "ఐ డోంట్ మీన్ టు బిలిటిల్ యువర్ పెయిన్, బట్..." అంటారు. నీ బాధను తేలిక చేయాలని కాదు గానీ, అని. ఓదార్చే మాటల్లో ఇంత మర్యాదగా ఒదిగే వాక్యం తక్కువ. ఇక్కడ ఇన్సల్ట్ పెడితే వాక్యమే విరిగిపోతుంది.

ఇన్సల్ట్, హ్యుమిలియేట్, డిమీన్

ఇన్సల్ట్ అంటే మాటతోనో చేతతోనో నేరుగా మనిషిని దెబ్బతీయడం. "నువ్వు పనికిమాలినవాడివి" అంటే ఇన్సల్ట్. "నువ్వు చేసిన పని ఎవరైనా చేస్తారు" అంటే బిలిటిల్. మొదటిదానిలో దెబ్బ మనిషి మీదే పడింది. రెండోదానిలో పనిమీద పడి, అక్కడి నుంచి మనిషికి తగిలింది.

హ్యుమిలియేట్ వీటన్నింటికన్నా బరువైనది. మనిషి తలెత్తుకోలేకుండా చేయడం. సాధారణంగా చూసేవాళ్లు ఉంటారు, సిగ్గుతో కుంగిపోవడం ఉంటుంది. ఇన్సల్ట్‌కూ దీనికీ తేడా మన చట్టంలోనే స్పష్టంగా కనిపిస్తుంది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఇంగ్లీషు పాఠంలో ఈ రెండు మాటలూ ఒకే వాక్యంలో ఉన్నాయి. హ్యుమిలియేట్ చేయాలనే ఉద్దేశంతో, నలుగురి కళ్లలో పడే చోట, కావాలని ఇన్సల్ట్ చేయడం లేదా బెదిరించడం నేరం. ఇన్సల్ట్ చేసిన పని, హ్యుమిలియేట్ ఆ పని వెనక ఉన్న గురి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టంలో కూడా, ఆరోగ్యానికో భద్రతకో ముప్పు తెచ్చేలా హ్యుమిలియేటింగ్‌గా వ్యవహరించడం అన్న మాట ఉంది. చట్టంలో ఇంత బరువున్న పదాన్ని, మేనేజరు స్లైడు బాగోలేదన్నందుకు వాడితే రేపు నిజంగా అవసరమైనప్పుడు దానికి పదును ఉండదు. అలాగని అంత జరిగిన చోట భయపడి బిలిటిల్ అని సర్దుకోవడం ఇంకా పెద్ద తప్పు. కులం పేరుతోనో, ఒంటి రంగు పేరుతోనో, ఆడపిల్ల అనో నలుగురిలో నిలబెట్టి అన్నప్పుడు హ్యుమిలియేట్ అనే రాయండి. ఆ మాటను మీ దగ్గర ఎవరూ తగ్గించకుండా చూసుకోండి.

డిమీన్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ఇది గౌరవానికి సంబంధించిన మాట. మనిషిని మనిషిగా చూడాల్సిన స్థాయి నుంచి దించేస్తే డిమీన్. మన "కించపరచడం" దీనికి సరిగ్గా సరిపోతుంది. క్రియగా కన్నా "డిమీనింగ్" అన్న విశేషణంగా ఎక్కువ వాడతారు: డిమీనింగ్ రిమార్క్, డిమీనింగ్ ట్రీట్‌మెంట్. ఆడవాళ్ల గురించి, వికలాంగుల గురించి, ఒక ప్రాంతం యాస గురించి వేసే జోకుల విషయంలో ఇదే సరైన మాట. శ్రీకాకుళం యాసనో తెలంగాణ యాసనో వెక్కిరించేలా సినిమాలో పాత్రను పెడితే, అది ఆ ఊరి మనిషి చేసిన ఒక పనిని చిన్నది చేయడం కాదు, ఆ మనుషుల్నే తక్కువగా చూపించడం. అక్కడ బిలిటిల్ చాలదు, డిమీన్ కావాలి.

ఒక్క విషయంలో జాగ్రత్త. "డిమీనింగ్ జాబ్" అని కొందరు పాచిపనికో, పారిశుద్ధ్య పనికో వాడతారు. దయచేసి అలా రాయకండి. పనిలో తక్కువతనం లేదు, ఆ పని చేసేవాళ్లతో ప్రవర్తించే తీరులో ఉంటుంది. "దే ఆర్ ట్రీటెడ్ ఇన్ ఎ డిమీనింగ్ వే" అని రాస్తే తప్పు ఎవరిదో వాళ్ల మీదకే పోతుంది.

మన వెనక మాట్లాడితే: డిస్పారేజ్, డెనిగ్రేట్

ఇంతవరకు చెప్పినవి ఎక్కువగా ఎదురుగా జరిగేవి. డిస్పారేజ్ మూడో మనిషి దగ్గర జరుగుతుంది. వాడిది ఏం బాగోదు, ఆ కంపెనీ సరుకు పనికిరాదు అని ఇతరుల దృష్టిలో విలువ తగ్గించడం. అందుకే ఈ మాట వ్యాపారంలోనూ కోర్టుల్లోనూ బాగా తిరుగుతుంది.

బట్టలకు వేసే నీలిమందు మీద నడిచిన కేసు దీనికి మంచి ఉదాహరణ. ఉజాలా ప్రకటనలో రాబిన్ బ్లూ సీసాను పోలిన సీసాను చూపించి అది ఖరీదు ఎక్కువ, పనితనం తక్కువ అన్నట్టు చెప్పారని, రాబిన్ బ్లూ తయారుచేసే రెకిట్ కంపెనీ కలకత్తా హైకోర్టుకు వెళ్లింది. 1999 నాటి ఆ తీర్పులో చెప్పిన సూత్రాన్ని ఇప్పటికీ ప్రకటనల కేసుల్లో ఎత్తి చూపుతుంటారు. నా సరుకు ప్రపంచంలోకెల్లా గొప్పది అని చెప్పుకోవచ్చు, అది నిజం కాకపోయినా సరే. ఎదుటివాడి సరుకు చెడ్డది అనడానికి మాత్రం వీల్లేదు. ఆ రెండోదే డిస్పారేజ్‌మెంట్.

అమెరికాలో ఉద్యోగాలు చేసే మనవాళ్లకు ఇది ఇంకో రూపంలో ఎదురవుతుంది. లేఆఫ్ చేసి డబ్బు ఇచ్చేటప్పుడు సంతకం చేయించుకునే కాగితాల్లో "నాన్ డిస్పారేజ్‌మెంట్" అన్న షరతు తరచుగా ఉంటుంది. బయటికి వెళ్లాక కంపెనీ గురించి చెడుగా మాట్లాడను అని ఒప్పుకోవడం అన్నమాట. బిలిటిల్, డిస్పారేజ్ ఒకటేలే అని చదవకుండా సంతకం పెట్టకండి, దానికి చట్టపరమైన విలువ ఉంది. కాలిఫోర్నియాలో 2022 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, పనిచేసే చోట జరిగిన వేధింపు, వివక్ష గురించి చెప్పకుండా ఇలాంటి షరతుతో నోరు మూయించడం కుదరదు. ఆ సంగతి కూడా గుర్తుంచుకోండి.

డెనిగ్రేట్ కూడా పేరు చెడగొట్టడమే, ఇంకాస్త కసిగా. దీని లాటిన్ మూలానికి నల్లగా చేయడం అని అర్థం. మసి పూయడం అన్నట్టు. నలుపును చెడుతో ముడిపెట్టే ఈ మూలం వల్ల కొందరు ఈ పదాన్ని పక్కన పెడుతున్నారు. తప్పు పదం కాదు, పరీక్షల్లో వస్తుంది, పత్రికల్లో ఉంటుంది. నేనైతే రాసేటప్పుడు డిస్పారేజ్‌తో సరిపెట్టుకుంటాను. అర్థంలో పోయేది ఏమీ లేదు.

తీయగా మాట్లాడి తక్కువ చేస్తే

"అమ్మా, ఇది నీకు అర్థం కాదులే, నేను చూసుకుంటాను" అని నెమ్మదిగా, ప్రేమగా అన్నట్టే అంటారు చూడండి, దానికి పేట్రనైజ్ అని పేరు. నేను పెద్ద, నువ్వు చిన్నపిల్ల అన్న వరస. కండిసెండ్ కూడా అదే తరహా, కాకపోతే దానిలో జాలి కన్నా దర్పం ఎక్కువ. కండిసెండ్‌ను క్రియగా వాడితే టు కావాలి. "హి కండిసెండెడ్ మీ" అనకూడదు. అందుకే చాలామంది "హి వాజ్ కండిసెండింగ్" అనేస్తారు, అదే మేలు. పేట్రనైజ్‌కు ఇంకో అర్థం కూడా ఉంది: ఒక దుకాణానికి మామూలుగా వెళ్తూ ఉండటం. దుకాణం బోర్డు మీద ఆ మాట కనబడితే కంగారు పడక్కర్లేదు.

మాట్లాడే ఇంగ్లీషులో టాక్ డౌన్ టు, లుక్ డౌన్ ఆన్, పుట్ డౌన్ ఎక్కువగా వినిపిస్తాయి. లుక్ డౌన్ ఆన్ మనసులో ఉండే చిన్నచూపు, పైకి ఒక్క మాట కూడా అనకపోవచ్చు. టాక్ డౌన్ టు అంటే మాట్లాడే తీరు. పుట్ డౌన్ మాత్రం చూసుకుని వాడండి. జబ్బు చేసిన కుక్కకు సూది వేసి చంపించడానికి కూడా ఇదే మాట. "హి కీప్స్ పుటింగ్ మీ డౌన్" అంటే ఇబ్బంది లేదు. పెంపుడు జంతువు సంగతి నడుస్తుండగా అంటే వినేవాళ్లు ఉలిక్కిపడతారు.

తెలుగు ఇళ్లలో వచ్చే చిక్కు

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే విదేశాల్లో పెరిగే పిల్లలకూ తల్లిదండ్రులకూ మధ్య నిజంగా దూరం పెంచుతున్న విషయం ఇది. ఇంటికి వచ్చిన అతిథి "మీ అమ్మాయి కూచిపూడి చాలా బాగా చేసిందండీ" అంటే, తండ్రి "ఆ, ఏదో నేర్చుకుంటోందిలెండి, ఇంకా చాలా రావాలి" అంటాడు. ఆయన లోపల పొంగిపోతున్నాడు. బిడ్డను పదిమందిలో పొగడకూడదు, దిష్టి తగులుతుంది, గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది అన్న సంస్కారం ఆయనతో అలా అనిపిస్తుంది. పక్కన నిలబడ్డ పద్నాలుగేళ్ల పిల్లకు ఆ సంస్కారం తెలియదు. "డాడ్, యు ఆల్వేస్ బిలిటిల్ మీ" అంటుంది. ఆయనకు ఆ మాట అర్థం కాదు, అర్థమైనా తట్టుకోలేడు.

ఇక్కడ తేడా చెప్పే మాట సెల్ఫ్ డెప్రికేటింగ్. తనను తాను తగ్గించుకుని మాట్లాడటం అన్నమాట, ఇంగ్లీషు వాళ్ల దృష్టిలో అది మంచి గుణమే. మన పెద్దవాళ్లు పిల్లల్ని తమలో భాగంగానే లెక్కేస్తారు కాబట్టి ఆ తగ్గింపును పిల్లల మీదకు కూడా పొడిగిస్తారు. ఇంగ్లీషులో అలా పొడిగించడానికి వీల్లేదు. మన గురించి మనం తగ్గించి చెప్పుకుంటే సెల్ఫ్ డెప్రికేటింగ్, ఇంకొకరి గురించి తగ్గించి చెబితే, ఆ ఇంకొకరు కన్నకూతురైనా సరే, బిలిట్లింగ్. కాబట్టి పిల్ల తప్పుగా వినలేదు, తండ్రి చెడుగా అనలేదు. అతిథితో "థాంక్సండీ, చాలా కష్టపడింది" అంటే రెండు పద్ధతుల్లోనూ మర్యాద నిలుస్తుంది. పిల్లలకు కూడా ఒకసారి కూర్చోబెట్టి, నాన్న అలా ఎందుకు అంటారో చెప్పాలి.

డెప్రికేట్ అనగానే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకు వేరే అర్థం తడుతుంది. డెప్రికేటెడ్ ఫంక్షన్ అంటే ఇంకా పనిచేస్తుంది గానీ ఇకమీదట వాడొద్దు అని. ఆ అలవాటుతో మనుషుల విషయంలో "హి డెప్రికేటెడ్ మీ" అని రాయకండి. వాడుకలో సెల్ఫ్‌తో కలిపి తప్ప మనుషులకు అది నప్పదు.

పొరపాటున కలిసిపోయేవి

అండర్‌ఎస్టిమేట్ అంటే తక్కువ అంచనా వేయడం. అది లెక్క తప్పడం, అవమానం కాదు. మనసులో తక్కువగా అనుకున్నవాడు అండర్‌ఎస్టిమేట్ చేసినట్టు, నోటితో అన్నవాడు బిలిటిల్ చేసినట్టు. డౌన్‌ప్లే అంటే విషయం తీవ్రతను తగ్గించి చెప్పడం, ప్రమాదం జరిగినా పెద్దదేం కాదు అని కంపెనీ ప్రకటించినట్టు. అండర్‌మైన్ వేరే సంగతి: మీ నిర్ణయాన్ని మీ కింద పనిచేసేవాళ్ల ముందు రద్దు చేస్తూ పోతే మీ మాటకు విలువ లేకుండా పోతుంది, అది అండర్‌మైన్. ఆఫీసు ఫిర్యాదుల్లో బిలిటిల్ కన్నా ఇది బలంగా పనిచేసే సందర్భాలు ఉన్నాయి, ఎందుకంటే దీనికి తేదీలు, మెయిళ్లు ఆధారాలుగా దొరుకుతాయి.

జీఆర్‌ఈకి చదివేవాళ్లకు ఒక్క మాట. ఆరు పదాలిచ్చి, వాక్యం అర్థం ఒకేలా వచ్చే రెండింటిని ఎంచుకోమనే ప్రశ్నల్లో బిలిటిల్, డిస్పారేజ్, డెనిగ్రేట్ జంటలుగా వస్తాయి. అక్కడ ఇంత సన్నని తేడాలు చూడక్కర్లేదు. పేట్రనైజ్‌ను మాత్రం వాటితో జత కట్టేముందు వాక్యంలో జాలి, పెద్దరికం ఉన్నాయేమో చూసుకోండి.

ఇక ఆ మెయిల్ సంగతి

మొదట చెప్పిన మేనేజరు విషయంలో నేనైతే ఇలా రాయమంటాను: "ఇన్ మండేస్ రివ్యూ, వైల్ ఐ వాజ్ ప్రెజెంటింగ్ అవర్ వర్క్, హి సెడ్ ఎ ఫ్రెషర్ కుడ్ ఫినిష్ ఇట్ ఇన్ టూ అవర్స్. ఐ ఫీల్ దిస్ బిలిటిల్డ్ త్రీ వీక్స్ ఆఫ్ ద టీమ్స్ ఎఫర్ట్." ఎప్పుడు, ఎక్కడ, అన్న మాట ఉన్నది ఉన్నట్టు, ఆ తర్వాతే మన క్రియ. అన్న మాట తెలుగులో ఉంటే తెలుగులోనే పెట్టి, పక్కన అర్థం రాయండి. "హి ఆల్వేస్ ఇన్సల్ట్స్ మీ" అన్న వాక్యాన్ని హెచ్‌ఆర్ వాళ్లు ఏమీ చేయలేరు. పై వాక్యం గురించి మాత్రం ఆయన్ను పిలిచి అడగక తప్పదు.

అదే మాట మళ్లీ మీటింగులోనే ఎదురైతే, అప్పటికప్పుడు గొంతు పెంచకుండా అనడానికి ఒక వాక్యం దగ్గర ఉంచుకోండి: "ఐ హియర్ యు, బట్ ప్లీజ్ డోంట్ బిలిటిల్ ద వర్క్. లెట్ మీ షో యు వాట్ టుక్ త్రీ వీక్స్." "మీ" (నన్ను) అని కాకుండా "ద వర్క్" అన్నాం కాబట్టి గొడవ మనుషుల మధ్యకు రాదు. అన్నాక ఆగకుండా వెంటనే తర్వాతి స్లైడుకు వెళ్లి, ఎక్కడ ఎంత సమయం పట్టిందో చూపించండి.